లెక్కయు కథయు



గోదావరీ ప్రాణహితలు కలియుచోట, ఒక్క పానవట్టముపై కాళేశ్వరుడును ముక్తేశ్వరుడును వెలసిన కాళేశ్వర క్షేత్రపు సీమవాడను నేను. బాల్యమున కావ్యములును వ్యాకరణమును గురుముఖమున చదివి, పిదప ఉదరపోషణార్థము బడిపంతులనై ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి, ఇపుడు విశ్రాంతి గైకొని యున్నాను. కావున కథయు లెక్కయు రెండును నాకు పరిచితములే. ఈ రెంటికిని గల పొత్తును గూర్చి నేడు మీతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని.

నీటిపంపకము, పైరులకు సాయము, వఱదలనుండి రక్షణ, మద్యవిక్రయము మొదలగు విషయములలో ప్రభుత్వము చేయు ఏర్పాటు లన్నియు చిట్టచివర మన గడపకే వచ్చి చేరును. అట్టి ఏర్పాటులను గూర్చి రచ్చబండకడ జరుగు చర్చ యెట్లుండును? ఒకడు తన కక్షివాడు చెప్పిన అంకెను వల్లించును. వేఱొకడు తన కక్షివాడు చెప్పిన అంకెతో దానిని ఖండించును. ఆ రెండంకెలలో ఏ యొక్కటియు వారు తమచేత కొలిచినది కాదు. ప్రొద్దుగ్రుంకునప్పటికి మాట పెరిగి మనసులు విఱుగును. తూము మాత్రము కారుచునే యుండును. కక్షిపక్షములతో నిమిత్తము లేక ఒక పల్లె తన మేలును తానే విచారించుకొను మార్గము లేదా? కలదని నా నమ్మకము.

భారతమున ఆరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మీలో పెక్కురు వినియే యుందురు. ఋతుపర్ణమహారాజు దమయంతి స్వయంవరవార్త విని విదర్భకు త్వరపడి పోవుచుండెను. నలుడు బాహుకుడను పేర రథము తోలుచుండెను. దారిలో నొక తాండ్రచెట్టు కనబడగా, దాని యాకు లెన్నియో, కాయ లెన్నియో రాజు చూచినంతనే చెప్పెను. సారథి యేమి చేసెను? రాజు సెలవిచ్చెను గనుక నిజమే యని తల యూపలేదు. బొంకని యెదిరింపను లేదు. రథము నిలిపి దిగి లెక్కింతు ననెను. ఆలస్యమగునని రాజు వారించినను వినక లెక్కించి, రాజు చెప్పినది సరియని తెలిసికొని, ఆ విద్యను తనకు నేర్పుమని వేడెను. అక్షహృదయ మను ఆ విద్య లభించినంతనే, అంతకాలము నలుని పీడించిన కలి యాతని దేహమును వీడిపోయెను. కలి యనుమాటకు కలహ మనియు నర్థము కలదు గదా! దిగి లెక్కించిన చోట కలహము నిలువదని ఈ కథనుండి నేను తీసికొన్న సారము.

ఇక కథయొక్క బలమును చూతము. మాకు పొరుగున మేడారమున రెండేండ్ల కొకపరి మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. ఆ తల్లుల కథ మీరెఱిగినదే. వానలు లేక కఱవు వచ్చినది. కోయదొర పగిడిద్దరాజు కప్పము చెల్లింపలేకపోయెను. కాకతీయప్రభువు ప్రతాపరుద్రుడు సేనను పంపెను. పోరులో ఆ కుటుంబమువారు ప్రాణము లర్పించిరి. జంపన్న పడిన వాగు జంపన్నవాగయ్యెను. జనులు తరతరములుగా ఇట్లే చెప్పుకొనుచున్నారు. భక్తి యటుండగా, ఈ కథ దేనిని గూర్చినదో యొకింత యోచింపుడు. కఱవుకాలమున పన్ను వసూలు చేయవచ్చునా, రాదా యను ప్రశ్న దీనికి మూలము. ఇది అచ్చముగా రాజ్యవిధానమునకు జెందిన ప్రశ్న. ఆనాటి కప్పమెంతయో, వాన యెంత కొఱవడెనో తెలుపు పద్దు మనకు మిగులలేదు. కథ మిగిలినది, లక్షల జనులను నేటికిని కదలించుచున్నది. కథ మఱపు రానీయదు. అయితే ఎంత, ఎందఱకు అని యడిగితిమా, కథ బదులు చెప్పజాలదు. ఆ పని లెక్కది.

కథ ఎంతదూరము పోగలదో, ఎచట నిలిచిపోవునో తెలుపుటకు నెల్లూరుసీమ వృత్తాంతము చాలును. 1991వ సంవత్సరమున ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమ మారంభమయ్యెను. పగలెల్ల కూలిచేసి రాత్రివేళ పలక పట్టిన స్త్రీల వాచకములో సీతమ్మకథ యను పాఠ మొకటి యుండెను. భర్త త్రాగుడువలన ఒక పేదయిల్లాలు పడిన యిడుమలు అందు వర్ణితములు. దూబగుంట యను పల్లెలో స్త్రీలు ఆ పాఠము చదివి, ఇది మన యింటి కథయే యని గుర్తించి, ఊరి సారాయంగడిని మూయించిరి. దూబగుంట రోశమ్మ పేరు నాడు ఊరూర మ్రోగెను. 1992లో ఆ యుద్యమము పల్లెనుండి పల్లెకు ప్రాకెను. ఆ స్త్రీలు ఏ కక్షివారని ఎవరును అడుగలేదు, వారును చెప్పలేదు. 1993 అక్టోబరు 1వ తేదీనుండి నాటి ఆంధ్రప్రదేశమంతట సారాయి నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చెను.

కాని 1997లో ఆ సంపూర్ణనిషేధము సడలింపబడెను. ఖజానాకు వచ్చిన నష్టము, దొంగరవాణా అనునవి ముఖ్యకారణములుగా చెప్పబడెను. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యని నే నిచట తీర్పు చెప్పబోను. ఒక్క సంగతి మాత్రము గమనింపుడు. ఖజానా నష్టమునకు పద్దుపుస్తకము కలదు. అందు రూపాయలు అణాపైసలతో లెక్కయై యుండును. నిషేధకాలమున ఏ యింట ఎంత కూలి మిగిలెను, ఎందఱు పిల్లలు బడికి తిరిగి వచ్చిరి, ఎన్ని అప్పులు తీరెను అను విషయమునకు ఊరూర అట్టి పద్దుపుస్తకము లేకపోయెను. ఒక పల్లెపాఠము రాష్ట్రమునకు చట్టము తెచ్చెను. కాని అంకెలతో వాదము వచ్చిన నాడు, ఆ పాఠమునకు తోడుగా నిలువదగిన అంకెలు పల్లెల చేతిలో లేవు.

దీనికి ఎదురుగా లెక్కయే ముందు నడచిన యుదాహరణమును వినుడు. 2003వ సంవత్సరము మొదలుకొని అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ యను ఏడు జిల్లాలలో, కఱవుపాలైన ఆఱువందలకు పైబడిన పల్లెలందు ఒక పని నడచెను. నెదర్లాండ్సు దేశపు ద్రవ్యసహాయమును, ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయసంస్థ తోడ్పాటును దానికి లభించెను. అందు రైతులు తమ నేలక్రింది నీటిని తామే కొలుచుకొనుట నేర్చిరి. ఊరిలో వర్షమాపకము నిలిపిరి. కొన్ని బోరుబావులను ఏర్పఱచుకొని, వానిలో నీరెంత లోతున నున్నదో నియమితకాలమున కొలిచి వ్రాసిరి. ఆ అంకెలను అందఱకు కనబడు గోడపై నెక్కించిరి. యాసంగి పంటకు ముందు స్త్రీలును పురుషులును సభ చేరి, ఈ యేడు నేల కెంత నీరు దిగినది, మనము వేయదలచిన పైరుల కెంత కావలెను అని జమాఖర్చు వేసిరి. ఖర్చు జమను మించినచో ఆ సంగతి సభలోనే తేటపడును.

వరి వేయవలదని ఎవరును ఆజ్ఞాపింపలేదు. ఎవరి పొలమున వారు తమ యిచ్చవచ్చిన పైరు వేసికొనవచ్చును. అయినను పెక్కుపల్లెలలో వరిపొలము తగ్గి, తక్కువ నీటితో పండు పైరులు హెచ్చెను. ఏలయన, ఆ యంకె పట్టణమునుండి వచ్చినది కాదు. తమ కొడుకో కోడలో బావిలోనికి త్రాడు దించి తెచ్చినది. దానితో తగవు పెట్టుకొనుట తమ త్రాటితో తాము తగవాడుటయే. పరుల అంకె నమ్మిక నడుగును, తన అంకె నడవడిని మార్చును అని దీనినిబట్టి తెలియుచున్నది.

ఇపుడు మా సీమకు వత్తము. 2023 జులై 27వ తేదీ ఉదయమునకు ముగిసిన యొక్క దినములో మా భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసెను. పొరుగున ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసెను. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. జనులు ఇండ్లకప్పులపైకి ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. హెలికాప్టర్లును పడవలును వచ్చి వారిని గట్టు చేర్చెను. కొందఱు ప్రవాహమున కొట్టుకొనిపోయి మరణించిరి.

616 మిల్లీమీటర్లనిన మన ముసలమ్మల కేమి బోధపడును? మనకే సరిగా బోధపడదు. దానిని ఇట్లు విప్పి చెప్పి చూడుడు. ఒక్క మిల్లీమీటరు వాన ఒక యెకరమున పడిన 4,047 లీటర్లగును. ఆ లెక్కను 616.5 మిల్లీమీటర్లకు ఎకర మొక్కంటికి సుమారు 25 లక్షల లీటర్లు. అనగా 5,000 లీటర్లు పట్టు ట్యాంకర్లు 500 వరుసగా నిలిపి, ఒక్కయెకరముమీద ఒక్కదినములో కుమ్మరించినట్లు. వాగుకు ఎగువన అట్టి యెకరములు వేలకొలది యుండగా ఆ నీరంతయు ఏ దారిన పోవలెను? ఇట్లు చెప్పినచో చదువురానివారును చేయి నొసట పెట్టుకొందురు. లెక్క చెడలేదు, దానికి కథవలె కన్నులు వచ్చినవి.

భద్రాచలమున గోదావరి మట్టము 43 అడుగులకు వచ్చినపుడు మొదటి హెచ్చరికయు, 48కి రెండవదియు, 53కి మూడవదియు చేయుదురు. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును చేరెను. ఆ యూరివారికి ఈ అంకెలు కంఠపాఠము. ఏ అడుగునకు ఏ వీధి మునుగునో, ఏ యింట సామాను ఎత్తుకొనవలెనో వా రెఱుగుదురు. అచట ప్రతి యడుగునకు ఒక కథ కలదు. ప్రతి కథకు ఒక అడుగు కలదు. వాగు ప్రక్కనున్న ప్రతి పల్లెలో ఈ పని యేల జరుగరాదు? బడిగోడపైనను, గుడికంబముపైనను వఱద యెక్కిన మేర గీతగీసి, ప్రక్కన సంవత్సరము వ్రాసియుంచుడు. ఆ గీత మన మనుమలతో ఏ యుపన్యాసకుని కంటె బిగ్గరగా మాటాడును.

ఇట్టి విషయములు ముచ్చటించుచు మా వాకిటనున్న పెద్దకట్టడమును దాటిపోవుట న్యాయము కాదు. కాళేశ్వర ఎత్తిపోతల పథకమునకు 2016 మే 2వ తేదీన కన్నేపల్లికడ శంకుస్థాపన జరిగెను. 2019 జూన్ 21న ప్రారంభోత్సవము జరిగెను. మేడిగడ్డ బ్యారేజికి 85 గేట్లు. దాని నిలువ 16.17 టి.ఎం.సి. లని నిర్ణయము. 2022 జులై వఱదలో కన్నేపల్లి పంపులగృహము మునిగెను. 2023 అక్టోబరు 21న బ్యారేజి ఏడవ భాగమున కంబములు క్రుంగెను. 2024లో న్యాయమూర్తి పినాకి చంద్రఘోష్ గారితో విచారణసంఘ మేర్పడి, 2025 జులైలో తన నివేదికను సమర్పించెను. ఇవి యందఱు ఒప్పుకొను తేదీలును అంకెలును. వీని తరువాత వచ్చు వాదమున ఒక్కొక్క కక్షివారు ఒక్కొక్క అంకెను పట్టుకొందురు. ఎవరిది ధర్మమో చెప్పుట నా పని కాదు. మన పని అంకెను ప్రశ్నించుట.

మొదట, టి.ఎం.సి. యనగానేమి? నూఱుకోట్ల ఘనపుటడుగుల నీరు. ఒక్క టి.ఎం.సి. నీటిని సమముగా పఱచినచో సుమారు 23 వేల యెకరములపై ఒక యడుగులోతున నిలుచును. ఇది తెలిసిన వానిని అంకెతో బెదరించుట కష్టము. రెండవది, చెప్పిన అంకె దేనిని గూర్చినది? నదినుండి ఎత్తిన నీరు వేఱు, జలాశయమున నిలిచిన నీరు వేఱు, పొలము గట్టున దిగిన నీరు వేఱు. ఒకడు మొదటిదానిని, ఇంకొకడు మూడవదానిని చెప్పి, ఒకరి నొకరు అబద్ధీకు లనుకొనుచుందురు. ఇద్దఱును నిజమే చెప్పుచుండవచ్చును. మూడవది, ఆ అంకెను ఎవరు, ఎచట, ఎప్పుడు కొలిచిరి? నాల్గవది, దానికయిన ఖర్చు కట్టుటకా, ఏటేట నడుపుటకా? ఈ నాలుగు ప్రశ్నలు ఏ కక్షివానినైనను అడుగదగినవి. తనవానిని అడుగక పరుని మాత్రమే అడుగువాడు పెద్దమనిషి కాడు.

లెక్కకును ఒక లోపము కలదు; అది నా యనుభవమున తేటపడినది. మా ప్రాంతమున ఒక పల్లెలో చెఱువు మత్తడి బాగుచేయింప దరఖాస్తు వ్రాయవలసి వచ్చెను. ఆయకట్టువలన ఎన్ని కుటుంబములు బ్రతుకుచున్నవో చెప్పవలసియుండెను. ఊరిలోని రెండు కక్షులనుండి చదువుకొన్న యువకుల నిద్దఱిని పిలిచి, మీరిద్దఱును కలిసి తిరిగి లెక్క తెండని చెప్పితిని. వారు తెచ్చిన రెండు లెక్కలును కలియలేదు. సభలో కేకలు పుట్టెను. అంతలో ఒక విధవరాలు లేచి, “అయ్యా! నేను పదునైదేండ్లనుండి ఆ మడిలో నాట్లు వేయుచున్నాను. నా పేరు ఈ పిల్లవాని కాగితములో ఉన్నది, ఆ పిల్లవాని కాగితములో లేదు” అనెను. అపుడు గాని విషయము బయటపడలేదు. ఒకడు పట్టాదారులను లెక్కించెను. ఇంకొకడు సాగుచేయువారిని లెక్కించెను. ఆమె కౌలుదారు. ఇద్దఱిలో ఎవడును మోసము చేయలేదు.

ఇది మా పల్లెకు మాత్రము చెందిన ముచ్చట కాదు. 2018 మే 10న రైతుబంధు పథకము ఆరంభమైనపుడు, పంటకు ఎకరమునకు 4,000 రూపాయలు పట్టాదారునకు చెల్లుటగా ఏర్పాటు జరిగెను. కౌలుదారు ఆ యేర్పాటులోనికి రాలేదు. పట్టాపుస్తకమున నున్నవానిని గుర్తించుట సులభము, నోటిమాటపై కౌలు చేయువానిని గుర్తించుట దుర్లభము అనునది నిజమే. కాని ఎవరిని లెక్కింపవలెనను నిర్ణయము లెక్కకు ముందే జరిగిపోవును. ఆ నిర్ణయములో విడువబడినవారు ఎంత గట్టిగా కూడినను మొత్తములోనికి రారు. వారు సభలో లేచి తమ కథ చెప్పినపుడే లెక్క తన లోపమును తెలిసికొనును. కావున కథ లెక్కకు కేవలము అలంకారము కాదు. అది దానికి పరీక్షకుడు. అట్లే లెక్క కథకు పరీక్షకుడు. ఒక యింటి దుఃఖము విని మనసు కరుగగా, ఇట్టి యిండ్లు ఊరిలో ఎన్ని యని లెక్క యడుగవలెను.

మా పల్లె దరఖాస్తు చివరకు రెండు అంకెలతోను పోయెను: పట్టాదారు లింతమంది, సాగుదారు లింతమంది యని. క్రింద రెండు కక్షులవారును సంతకములు చేసిరి.

ఇట్టి పనికి మనకు అధికార మెక్కడిదని ఎవరైన అడుగవచ్చును. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగసవరణ గ్రామసభకు రాజ్యాంగమునందే స్థానమిచ్చెను. 2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టము, ఆ పనులను గ్రామసభ తనిఖీ చేయవలెనని 17వ సెక్షనులో విధించెను. దీనికి త్రోవచూపినవారు రాజస్థానపు పేదలు; 1994లో వారు బహిరంగసభలు చేసి, కూలిపద్దులను చదివించి, పద్దులో పేరున్నవానిని నిలిపి, నీకీ కూలి ముట్టినదా యని అడిగిరి. అంకెకు ఎదురుగా మనిషి నిలిచి మాటాడెను. 2005 నాటి సమాచారహక్కు చట్టముచే ఏ కార్యాలయపు అంకెనైనను కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో బదులు రావలెను.

అంకెను కనులకు కట్టునట్లు చూపుట మఱియొక విద్య. ఆంగ్లదేశమున ఫ్లారెన్సు నైటింగేలమ్మ క్రిమియా యుద్ధమున గాయములకంటె రోగములచేతనే ఎక్కువమంది సైనికులు చనిపోయిరని, 1858లో రంగులచిత్రము గీసి ప్రభువులకు చూపెను. పద్దు చదువని దొరలును ఆ చిత్రము చూచిరి. ఆమెయే పిదప మన దేశపు నీటిపాఱుదలను గూర్చియు వ్రాసి, ఇదే గోదావరిపై 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్టను ముగించిన కాటనుదొర వాదమును బలపఱచెను. మన యాడుబిడ్డలు వాకిట ముగ్గులు దిద్దుటలో నేర్పరులు. ఊరిలెక్కను గోడపై బొమ్మగా దిద్దుమన్నచో వారికంటె చక్కగా చేయగల రెవరు?

పెద్దలారా! మీ పల్లెలలో చేయదగిన దానిని క్లుప్తముగా విన్నవించెదను. బడిలో ఒక వర్షమాపకము, ఒక పుస్తకము నుంచి, ప్రతిదినము పిల్లలచేత వ్రాయింపుడు. ఏ లెక్కకైనను రెండు కక్షులనుండి ఇద్దఱిని జంటగా పంపుడు. అంకెలను చదివిన పిదప, ఆ విషయము ఎవరి బ్రతుకును తాకినదో వారిని మాటాడనిండు. ముందుగా స్త్రీలను, కౌలుదారులను, కూలివారిని. ఇంటిగుట్టును సభలో చెప్పుమని ఎవరిని బలవంతపెట్టకుడు. కథకు రంగులు పూయకుడు. ఒక్క అతిశయోక్తి దొరికినచో తక్కిన నిజమంతయు కొట్టుకొనిపోవును. తీర్మానము వ్రాయునపుడు మీ పల్లెకు నచ్చని అంకెనుగూడ అందు వ్రాయుడు. అపుడే పైవారు మీ కాగితమును నమ్ముదురు.

2025 మే 15 మొదలు 26 వఱకు కాళేశ్వరమున సరస్వతీపుష్కరములు జరిగెను. 2027లో గోదావరీపుష్కరములు రానున్నవి. త్రాగునీటి కుళాయిలెన్ని, మఱుగుదొడ్లెన్ని, లోతు తెలుపు గుర్తులు ఏ ఘట్టమున ఉన్నవి, ఏ ఘట్టమున లేవు అని తీరగ్రామముల పెద్దలు ఇపుడే తిరిగి వ్రాసికొనవచ్చును. మొన్నటి పుష్కరములలో ముసలివారును పసిపిల్లల తల్లులును పడిన శ్రమను అడిగి తెలిసికొనవచ్చును. ఆ రెంటిని జోడించి గ్రామసభలో చదివినచో, దానిని కాదనుటకు ఏ కక్షివానికిని నోరాడదు. నీట మునుగు ప్రాణమునకు కక్షి లేదు గదా!